డాల్డా డబ్బా, ఎర్ర పెన్సిలు

1984లో నేను ఎనిమిదో తరగతి. క్వార్టర్లీ పరీక్షలో లెక్కలకి వందకి 31 వచ్చాయి. పాసు మార్కు 35. ఆ పేపర్లో మూడో లెక్క నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతుంది. 3ఎక్స్ = 12 అయితే ఎక్స్ విలువ ఎంత? నేను ఎక్స్ = 12 − 3 = 9 అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను.

అలా ఎందుకు రాశానంటే, మాకు క్లాసులో చెప్పిన పక్షాంతరం సూత్రం ఒక్కటే. సమానం గుర్తు ఒక వంతెన, దాన్ని దాటితే అంకె గుర్తు మారుతుంది, ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది. ఆ మాట నేను మంత్రంలా పట్టుకున్నాను. ఎక్స్ పక్కనున్న 3 వంతెన దాటింది, మైనస్ 3 అయింది. తప్పేమిటో నాకు నిజంగా అర్థం కాలేదు. మార్కులు తక్కువ వచ్చినందుకు ఏడవలేదు. చెప్పినట్టే చేశాను కదా, ఎందుకు తప్పయింది అని ఏడ్చాను.

అప్పుడు మేం విశాఖపట్నం జ్ఞానాపురంలో ఉండేవాళ్లం. రెండు గదుల అద్దె ఇల్లు, వెనక సిమెంటు తొట్టి, తొట్టి పక్కన ఒక బాదం చెట్టు. రాత్రిళ్లు ఖనిజం గూడ్సు బళ్ల చప్పుడు వినిపించేది. బైలాడిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం అరకు మీదుగా ఘాట్లు దిగి, కొత్తవలస దాటి, మా ఊరి పోర్టుకి చేరేది. అక్కడ నుంచి ఓడల్లో జపానుకి. మా నాన్న బతుకంతా ఆ ఓడల చుట్టూనే. ఓడల్లో ఎక్కిన సరుకు ఎన్ని టన్నులో లెక్కకట్టే సర్వేయర్ల దగ్గర ఆయన హెల్పరు. చదివింది ఏడో తరగతి. చొక్కా కాలరు లోపలి మడతలో ఎప్పుడూ ఎర్రటి ధూళి ఉండేది, అమ్మ ఎంత ఉతికినా పూర్తిగా పోయేది కాదు.

ఆ సాయంత్రం సైకిలు గోడకి ఆనించి, నా పేపరు చేతిలోకి తీసుకున్నారు.

"ఏటమ్మా ఇది? పన్నెండులోంచి మూడు ఎందుకు తీసేసినావు?"

"అవతలకెళ్తే గుర్తు మారుతుంది కదా నాన్నా."

"ఎవులు మార్సినారు?"

నా దగ్గర జవాబు లేదు.

"సరే. తొమ్మిది అన్నావు. మూడు తొమ్మిదులు ఎంత?"

"ఇరవై ఏడు."

"మరి పన్నెండు ఎలగవుతాది?"

అంతే. అంతకు ముందు ఎవరూ నన్ను వచ్చిన జవాబుని తిరిగి మొదటి లెక్కలో పెట్టి చూడమనలేదు. నేనూ చూడాలనుకోలేదు. లెక్క అంటే జవాబు రాయడం అనుకున్నాను గానీ, ఆ జవాబు నిజమో కాదో నా అంతట నేనే తేల్చుకోవచ్చని తెలియదు.

మర్నాడు ఆదివారం. నాన్న ఒక ఖాళీ డాల్డా డబ్బా, నా స్కూలు స్కేలు, ఒక మేకు తీసుకుని తొట్టి దగ్గర కూర్చున్నారు. డబ్బా పక్కన కింద నుంచి పైకి సెంటీమీటరుకి ఒక గీత గీకారు, పదిహేడు గీతలు. ఒరిగిపోకుండా అడుగున కొంచెం ఇసుక పోసి తొట్టిలో వదిలారు. డబ్బా నిటారుగా తేలింది. నీళ్లు సరిగ్గా అయిదో గీత దగ్గర ఆగాయి.

"ఇది ఖాళీ ఓడ," అన్నారు.

వీధి చివర కొట్టాయన దగ్గర అరువు తెచ్చిన అరకిలో రాయి అందులో పెట్టారు. డబ్బా మెల్లగా దిగి తొమ్మిదో గీత దగ్గర నిలబడింది. నాలుగు గీతలకి 500 గ్రాములు. గీతకి 125. తర్వాత అమ్మ పూజ గదిలోని ఇత్తడి కుందె తెమ్మన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకుంది. రాయి తీసేసి కుందె పెడితే నీళ్లు ఎనిమిదో గీత దగ్గరికి వచ్చాయి.

"కుందె బరువెంత?"

ఎనిమిదిలోంచి అయిదు పోతే మూడు. మూడు నూట ఇరవై అయిదులు 375. కొట్టుకి పరిగెత్తి తక్కెడలో వేయించాను. 350 వేస్తే కుందె వైపు మొగ్గింది, 400 వేస్తే రాళ్ల వైపు. తక్కెడ లేకుండా నీళ్లలో బరువు చూశానన్న సంతోషంతో కుందెని గుండెలకి హత్తుకుని వెనక్కి వచ్చాను. దారిలో నూనె మరక గౌనుకి అంటుకుంది, దానికి వేరే తిట్లు తిన్నాను.

నాన్న నా నోటుబుక్కులో రాయించారు: బరువు = 125 × (గీత − 5).

"ఇప్పుడు తిరగెయ్యి. ముప్పావు కిలో వేస్తే ఎన్నో గీత దాకా మునుగుతాది?"

నేను 750కి 5 కలిపి 125తో భాగించాను. ఆరు, కాస్త ఎక్కువ వచ్చింది. నాన్న తప్పు అనలేదు. అరకిలో, పావుకిలో రాళ్లు డబ్బాలో పెట్టమన్నారు. పెట్టాను. డబ్బా ఆరో గీత దాటింది, ఏడు, ఎనిమిది, తొమ్మిది దాటి పదకొండో గీత దగ్గర ఆగింది. నా లెక్క ఒకటి చెప్పింది, నీళ్లు ఇంకొకటి చెప్పాయి. నీళ్లతో వాదించలేం కదా.

"ఓడలోకి సరుకు ఎలగెక్కిస్తారు? కిందది ముందు, పైది తర్వాత. మరి దించేటప్పుడు?"

"పైది ముందు."

"గీతకి ముందు ఏటి సేసినాం? అయిదు తీసినాం. తర్వాత నూట ఇరవై అయిదుతో పెంచినాం. ఆఖర్న ఎక్కించింది ముందు దించు."

ముందు 125తో భాగించాలి, ఆ తర్వాత 5 కలపాలి. 750 ÷ 125 = 6, 6 + 5 = 11. నీళ్లు చెప్పిందే వచ్చింది. ఆ క్షణాన 3ఎక్స్ = 12 కూడా తెలిసిపోయింది. ఎక్స్ మీద ఎక్కించింది మూడుతో గుణకారం. దాన్ని దించాలంటే భాగించాలి. తీసివేత దానికి తాళం చెవే కాదు. వంతెన దాటితే గుర్తు మారడం అనేది అసలు కారణం కాదు, రెండు వైపులా ఒకే పని చేసినప్పుడు మన కంటికి అలా కనబడుతుంది. 3ఎక్స్ + 7 = 22 అయితే ఆఖర్న ఎక్కింది 7, రెండు వైపులా 7 దించితే 3ఎక్స్ = 15, రెండు వైపులా మూడుతో భాగిస్తే 5. ఇంత చిన్న సంగతి క్లాసులో నెలరోజులు అర్థం కాలేదు, తొట్టి దగ్గర ఒక పూటలో అర్థమైంది.

ఇంకో ముచ్చట కూడా ఆ రోజే. మునగకుండా ఎంత బరువు వేయొచ్చో లెక్క కట్టమన్నారు. పదిహేడు గీతలు, అయిదు పోతే పన్నెండు, పన్నెండు నూట ఇరవై అయిదులు 1500. కిలోన్నర అన్నాను. రాళ్లు ఒక్కొక్కటే పెడుతున్నాను. 1400 దగ్గర, నా చెయ్యి తగిలి నీళ్లు కదిలాయి, ఒక చిన్న అల అంచు మీదుగా లోపలికి జారింది, డబ్బా గుడగుడమని అడుక్కి పోయింది. లెక్క తప్పా అని నాన్న మొహం చూశాను. లెక్క తప్పు కాదన్నారు. నీళ్లు కదలవు అనుకున్నాం, అదే తప్పన్నారు. ఓడ పక్కన ఒక వలయం, మధ్యలో అడ్డగీత ఉంటుందని, దాన్ని దాటి సరుకు ఎక్కించడానికి వీల్లేదని అప్పుడే చెప్పారు. ప్లిమ్‌సాల్ గీత. సరుకు మితిమీరి నింపిన ఓడలు మునిగి నావికులు చనిపోతుంటే శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు పోరాడగా 1876లో అక్కడ చట్టం వచ్చింది. ఆ వలయం పక్కన మెట్లలా ఇంకా గీతలుంటాయి, వేడి సముద్రాలకి ఒకటి, ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి, మంచినీళ్లకి ఒకటి. ఈ వివరాలన్నీ నేను పెద్దయ్యాక చదువుకున్నవి. నాన్నకి ప్లిమ్‌సాల్ ఎవరో తెలియదు, గీత తెలుసు.

కంచరపాలెంలో ఒక మాస్టారి దగ్గర ట్యూషనుకి వెళ్లేదాన్ని. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, అరుగు మీద చాప వేసి చెప్పేవారు. నా నోటుబుక్కులో డబ్బా సూత్రం చూసి అది ఎవరు చెప్పారని అడిగారు. నాన్న అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "దీన్ని కర్తను మార్చడం అంటారమ్మా" అన్నారు. వాక్యంలో కర్త ఉన్నట్టే సూత్రంలోనూ ఉంటుంది, సమానానికి ఎడమ పక్కన ఒంటరిగా నిలబడిందే కర్త. మనకి ఏది కావాలో దాన్ని కర్తని చేసుకోవాలి. వాక్యం మారుతుంది, అర్థం మారదు. తెలుగు వ్యాకరణం అంటే ప్రాణం పెట్టే నాకు ఆ మాట ఎంత నచ్చిందో.

ఆయన వెంటనే సి = 5/9 × (ఎఫ్ − 32) రాసి, ఎఫ్‌ని కర్తని చెయ్యమన్నారు. చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. అది మా డబ్బాయే! అయిదు బదులు 32, నూట ఇరవై అయిదు బదులు 5/9. జ్వరం కొలిచే గాజు గొట్టం, తొట్టిలో తేలే డాల్డా డబ్బా ఒకే అచ్చులో పోసినవి. ఆఖర్న ఎక్కిన 5/9ని ముందు దించాను, తర్వాత 32 కలిపాను. ఎఫ్ = 9/5 × సి + 32. సి 37 అయితే ఎఫ్ 98.6. అమ్మ జ్వరం చూసినప్పుడల్లా తొంభై ఎనిమిదిన్నర దాటకూడదని ఎందుకంటుందో తెలిసింది.

మన పూర్వులు ఎక్స్ అనేవారు కాదని కూడా ఆయనే చెప్పారు. భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు. ఎంతో అంత అని. తెలియనివి ఇంకా ఉంటే వాటికి రంగుల పేర్లు, కాలకం, నీలకం, పీతకం. ఆ పేర్లు విన్న రోజు నుంచి నేను తెలియనిదాన్ని ఎర్ర పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను. ఎర్రదే ఎందుకంటే, ఖాళీ ఓడ హార్బరులోకి వస్తున్నప్పుడు నీళ్ల పైకి తేలి కనబడే అడుగు భాగం ఎర్ర రంగులో ఉండేది. సరుకు నిండాక ఆ ఎరుపు నీళ్లలోకి దిగిపోయేది.

అది చూడటానికి నాన్న నన్ను వెంకటేశ్వరస్వామి కొండకి తీసుకెళ్లేవారు. రాస్ హిల్ మీద చర్చి, పక్కన దర్గా కొండ, ఈ కొండ మీద గుడి, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలో ఓడలు వచ్చే కాలువ. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఈ కాలువలోంచే లోపలికి వచ్చింది, దాంతోనే మన హార్బరు మొదలు. నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఔటర్ హార్బరు కూడా వచ్చేసింది, పెద్ద ఖనిజం ఓడలు అక్కడే ఆగేవి. గుడి మెట్ల మీద కూర్చుని నాన్న తన పని చెప్పేవారు, నేను పులిహోర ప్రసాదం తింటూ వినేదాన్ని.

అంత ఖనిజాన్ని తక్కెడలో పెట్టలేరు. ఓడనే తక్కెడ చేస్తారు. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా మొత్తం ఆరు చోట్ల, ఓడ ఎంత మునిగిందో చెప్పే అంకెలు చదువుతారు. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరుగుతూ, అల లేచినప్పుడు ఒక అంకె, దిగినప్పుడు ఒక అంకె చూసి మధ్యది పట్టుకోవాలి. పెద్ద ఓడ ఒక్క సెంటీమీటరు దిగాలంటే అరవై డెబ్బై టన్నులు కావాలి. కంటిచూపు ఒక్క సెంటీమీటరు తప్పితే కొన్ని లారీల ఖనిజం లెక్కలో గల్లంతు. ఓడ నడుము కాస్త వంగి ఉంటుంది కాబట్టి ముందుదీ వెనకదీ కలిపి, మధ్యదానికి ఆరింతలు చేర్చి, ఎనిమిదితో భాగిస్తారు. తర్వాత నీళ్లు. సీసాలో నీళ్లు పట్టి, గాజు గొట్టం తేల్చి సాంద్రత చూడటం నాన్న పని. సముద్రపు నీరు 1.025. వర్షాకాలంలో గెడ్డల నీళ్లు కలిస్తే అది తగ్గుతుంది, ఓడ ఇంకాస్త దిగుతుంది. బరువు పెరక్కపోయినా దిగుతుంది. నీటిని చూడకుండా గీతను మాత్రమే నమ్మితే లేని సరుకు ఉన్నట్టు కనబడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది కాన్‌స్టెంటు. ఖాళీగా వచ్చిన ఓడ మొత్తం బరువు గీతల వల్ల తెలుస్తుంది. 31,250 టన్నులు అనుకోండి. ఓడ కట్టినప్పటి సొంత బరువు కాగితాల్లో ఉంటుంది, 11,000. ఖాళీ ఓడ ఒరిగిపోకుండా నింపుకునే బలాస్టు నీళ్లు 18,600, నూనెలు 1,150, మంచినీళ్లు 240. ఇవన్నీ తీసేస్తే సున్నా రావాలి కదా. రాదు. 260 మిగులుతుంది. ఏ కాగితంలోనూ లేని బరువు. ట్యాంకుల అడుగున పేరుకున్న బురద, ఏళ్ల తరబడి పూతమీద పూత వేసిన రంగు, తాళ్లు, గొలుసులు, మనుషులు, వాళ్ల పెట్టెలు. దానికి విడిగా పేర్లు పెట్టరు. మొత్తాన్ని కాన్‌స్టెంటు అంటారు. సరుకు ఎక్కాక మళ్లీ లెక్క కట్టేటప్పుడు దాన్ని జాగ్రత్తగా పక్కన ఉంచుకుంటారు. ఓడ 72,990 టన్నులకి దిగితే, సొంత బరువు, మిగిలిన నీళ్లు, నూనెలు, ఈ 260 అన్నీ తీసేశాక నిలిచేదే ఖనిజం.

"కాన్‌స్టెంటు లేని ఓడ ఉండదమ్మా," అనేవారు నాన్న. "సున్నా వచ్చిందంటే ఎవులో లెక్క సరిగ్గా సూళ్లేదని."

ఆ చలికాలం సెలవుల్లో నాకు సమీకరణాల పిచ్చి పట్టింది. కంటికి కనబడిందల్లా విప్పేదాన్ని. ఒకరోజు వంటింట్లో అమ్మ పద్దుల పుస్తకం దొరికింది. నాన్న జీతం 650. అద్దె 90. బియ్యం, కిరాణా 310. పాలు 45. కూరలు, చేపలు 60. నా స్కూలు, ట్యూషను 40. కిరసనాయిలు, కట్టెలు 35. చీటీ 30. ఎర్ర పెన్సిలుతో పక్కన ఎక్స్ వేసి, అన్నీ ఒక్కొక్కటే దించాను. ఎక్స్ = 40.

ముందు నెల చూశాను. 40. అంతకు ముందు నెల బియ్యం ఎక్కువైంది, చేపలు తక్కువయ్యాయి, అయినా 40. ఆరు నెలలు వెనక్కి వెళ్లాను. దసరా నెల తప్ప ప్రతి నెలా అదే నలభై, పుస్తకంలో ఎక్కడా రాయని నలభై. ఆ వయసులో నాకు తోచింది ఒక్కటే. మా వీధిలో సారా దుకాణం దగ్గర ఆగే మగవాళ్లని రోజూ చూసేదాన్ని. మా నాన్న తాగరు. కానీ లెక్క అబద్ధం చెప్పదని నాకు నాన్నే నేర్పారు.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నాన్న చెయ్యి కడుక్కుంటుంటే తువ్వాలు ఇస్తూ అడిగేశాను. "నాన్నా, నెలకి నలభై ఎక్కడికెళ్తోంది?"

ఆయన తువ్వాలు తీసుకుని, తుడుచుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డారు. చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. కోపం రాలేదు. నా పుస్తకం తెమ్మన్నారు. ఎర్ర ఎక్స్ నుంచి ఆఖరి వరస దాకా వేలు పెట్టి చదివారు. ప్రతి కూడికా చూసుకున్నారు.

"సరిగ్గా దించినావు," అన్నారు. కాసేపాగి, "మా అప్పకి. మనియార్డరు సేస్తాను."

మేనత్త శ్రీకాకుళం వైపు పల్లెలో ఉండేది. మావయ్య పోయిన సంగతి నాకు తెలుసు. ముగ్గురు పిల్లలతో ఎలా బతుకుతోందో నేనెప్పుడూ అడగలేదు. నాన్నని ఏడో తరగతి దాకా చదివించింది ఆవిడేనట, చేలో కూలికి వెళ్లి. అమ్మకి తెలిస్తే బాధపడుతుందని నాన్న చెప్పలేదు. మా అద్దె రెండు నెలలు బాకీ పడ్డ రోజుల్లో కూడా పంపారు కాబట్టి.

"మీ అమ్మకి సెప్పకు," అన్నారు.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ గొంతు వినబడింది. "అయిదేళ్లుగా తెలుసు. ఆ పుస్తకం రాసేది నేను కదేటి?"

నాన్న తలెత్తలేదు. అమ్మ వచ్చి ఆయన చేతిలోని తువ్వాలు తీసుకుని, ఆ తడి చేతులు తనే తుడిచింది. తర్వాత ముగ్గురం అన్నాలకి కూర్చున్నాం. ఆ రోజు చేపల పులుసు.

సంక్రాంతి తర్వాత కొత్త నెల పద్దు మొదలైనప్పుడు నేను ఊరికే పుస్తకం తెరిచి చూశాను. అద్దె 90, బియ్యం కిరాణా 315, పాలు 45. చీటీ కింద కొత్త వరస ఒకటి ఉంది. అమ్మ గుండ్రటి అక్షరాలతో, నా ఎర్ర పెన్సిలు తీసుకుని రాసింది.

కానిస్టెంటు 40.